ఏడేళ్ళుగా ఊగని ఏతాం

లోహిణి గుహకు తలుపుల్లేవు. వాటి అవసరమూ లేదు. ద్వారానికి రెండు పక్కలా బారులు తీరిన రాతిబొమ్మల్ని చూసినవాడెవడైనా తనంతట తానే వెనక్కి తిరుగుతాడు. అవి శిల్పి చెక్కిన బొమ్మలు కావు, ఒకప్పుడు ఊపిరి పీల్చిన మనుషులు. కిరీటం పెట్టుకున్న రాజకుమారుడొకడు, గడ్డం నిమురుకుంటున్న ఆస్థాన లోహశాస్త్రి ఒకడు, సుత్తి భుజాన వేసుకున్న కమ్మరి ఒకడు. ప్రతివాడి ఎడమ ముంజేతికీ ఒక కడియం ఉంది. తప్పు కడియం తొడుక్కుని గడప దాటబోయి, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా ఉండగానే బిగుసుకుపోయారు.

కంకణపురం కంచరి సింగన్న వాళ్ళ మధ్యనుంచి నడిచి లోపలికి వెళ్ళాడు. ధైర్యం ఎక్కువై కాదు. వెనక్కి వెళితే అక్కడ అతనికోసం మిగిలేది ఏమీ లేదు గనుక.

లోపల సూర్యుడు లేడు, అయినా మిట్టమధ్యాహ్నంలా ఉంది. గోడల నిండా రాగితీగలు పాకి చిగుళ్ళు వేశాయి. పైకప్పున తగరపు మబ్బులు, వాటినుంచి బొట్టుబొట్టుగా రాలుతున్న పాదరసం, నేలమీద పగడపు రంగు ఇసుక. ఆ ఇసుక నడుమ పచ్చరాతి పీటమీద యక్షిణి లోహిణి కూర్చుని ఉంది. ఆమె జుట్టు ఇత్తడి, గోళ్ళు వెండి, కళ్ళు రాజుకున్న కొలిములు. లోకంలోని లోహాలన్నిటికీ ఆమె కాపలా. చాలా కాలంగా మాట్లాడే మనిషి దొరక్క ఆమె విసిగిపోయి ఉందని కూడా చెప్పాలి.

"ఎవరికోసం వచ్చావు?" అని అడిగింది.

ఎందుకోసం వచ్చావని అడుగుతుందేమోనని సింగన్న దారి పొడుగునా జవాబు కూర్చుకున్నాడు. అదంతా ఎగిరిపోయింది. "మా ఇంటిదాని కోసం తల్లీ. ఏడేళ్ళయింది చూసి," అన్నాడు.

అతను ఆమెకు చెప్పుకున్న కథను మనం క్లుప్తంగా చెప్పుకుందాం. కంకణపురానికి ఉత్తరాన గగనగిరి అనే ఒంటికొండ ఉంది. ఏడు తాటిచెట్ల ఎత్తు, నాలుగు వైపులా గోడలా నున్నటి రాయి. పైన ఒక చిన్న ఊరు, ఒక ఊటబావి, సర్వరోగాలనూ మాన్పే దివ్యలత ఒకటి. ఆ ఊరికి మెట్లు లేవు. పూర్వులు కట్టిన మహా ఏతాం ఒక్కటే దారి. పొలాల్లో నీళ్ళు తోడే ఏతాం లాంటిదే అది, కాకపోతే దాని మాను వెయ్యి టేకు దూలాలను కంచు పట్టీలతో బిగించి చేసినది. ఒక కొసన పన్నెండుమంది పట్టే తొట్టి, రెండో కొసన గుట్టంత రాతిబరువు. నలభైమంది ఏతగాళ్ళు మాను మీద తొట్టివైపు నడిస్తే తొట్టి దిగుతుంది, వెనక్కి నడిస్తే లేస్తుంది. ఈ బరువంతా రాతిగోపురం మీద ఒక్క ఇనుప ఇరుసు మోస్తుంది. ఆ ఇరుసుకు తొడిగే లోహపు గొట్టాన్ని అక్కడివాళ్ళు ఒర అంటారు. కత్తికి ఒర ఉన్నట్టే ఇరుసుకూ ఒర.

పూర్వులు వేసిన ఒర తరతరాలు పనిచేసి చివరికి అరిగిపోయింది. కొత్త ఒర చేసే పనిని రాజుగారు సింగన్నకు అప్పగించారు. చేసినవాడు సింగన్నే, చెడగొట్టినవాడూ సింగన్నే. అతని తాతలు రథచక్రాలు కట్టినవాళ్ళు. చక్రాలు కట్టేవాళ్ళ ఇంట్లో ఒకటే పాఠం: ఉక్కు ఇరుసుకు ఉక్కు ఒర, అద్దంలాంటి నునుపు, నిండా కందెన. చక్రానికి ఆ పాఠం సరిపోతుంది, ఎందుకంటే చక్రం గిరగిరా తిరుగుతూ కందెనను తనతోపాటు చుట్టూ తిప్పుకుంటుంది. ఏతాం తిరగదు. పావు చుట్టు పోయి, మళ్ళీ పావు చుట్టు వెనక్కి వస్తుంది. బరువంతా ఎప్పుడూ ఒక్కచోటే. అక్కడ నలిగి బయటికి పోయిన కందెన మళ్ళీ అక్కడికి రాదు.

ఈ సంగతి సింగన్న భార్య చెంగల్వకు ముందే తెలుసు. వాళ్ళింట్లో ఒక ఉయ్యాలబల్ల ఉండేది. దాని కొక్కేలు కిర్రుమన్నప్పుడల్లా సింగన్న నూనె పోసేవాడు, వారానికల్లా మళ్ళీ కిర్రుమనేది. ఒకరోజు ఆమె దీపం మసిని వేలితో తీసి కొక్కేల్లో పూసింది. ఏడాదిదాకా చప్పుడు లేదు. కొత్త ఒరలో కుండలకొద్దీ కందెన పోస్తున్నాడని విని, అదీ ఉయ్యాలే గదా మావా, నూనె జారిపోద్ది, మసి అంటుకునుంటది, అని చెప్పింది. రాజుగారి ఏతానికి కాటుక పెట్టమంటావా అని సింగన్న పగలబడి నవ్వాడు.

వారం తిరక్కుండానే చెంగల్వ తన అక్క పురిటికని కొండమీదికి బయల్దేరింది. తొట్టి పైకి చేరింది, ఆమె గట్టుమీద కాలు పెట్టింది, మహా ఏతాం ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. ఉక్కు ఉక్కును పట్టుకుని ఒకటైపోయింది. ఏనుగుల్ని కట్టి లాగినా కదల్లేదు. తాళ్ళు విసిరితే మాంత్రికుడు ధూమ్రకేశుడి గండభేరుండాలు రెండూ వచ్చి తెంపేశాయి. కొండమీది జనం చచ్చిపోతే దివ్యలత తనదవుతుందని వాడి ఆశ.

ఏడేళ్ళుగా సింగన్న గోపురం మీదే ఉండి, ఇరుసుకు అంటుకుపోయిన ఉక్కును ఉలితో పెచ్చులు పెచ్చులుగా ఊడదీశాడు. మాను కింద రాతి ఊతాలు పెట్టించాడు. రోజూ పొద్దుగుంకే ముందు కొండ అంచున ఒక వెలుగు తళుక్కుమనేది. పెళ్ళినాడు అతను పోతపోసి ఇచ్చిన కంచుపళ్ళాన్ని చెంగల్వ ఎండకు పట్టేది. గాలి హోరులో మాట కిందికి రాదు గనుక అదే వాళ్ళ మాట. మొన్న వేసవిలో ఊటబావి ఎండిపోయాక ఆ తళుకులు లెక్కలోకి దిగాయి: పైన కుండల్లో ఎన్ని రోజులకు నీళ్ళున్నాయో అన్ని తళుకులు. వాటి తర్వాత, లెక్కలో చేరనిది, నిదానంగా ఒక్కటి. ఆ ఒక్కటీ సింగన్నకు. ఈమధ్య ఆ వెలుగు పలచబడినట్టు తోచి తన కళ్ళే మసకబారుతున్నాయని అతను అనుకున్నాడు. ఇరుసు వదులయిన రోజున తొమ్మిది తళుకులు కనిపించాయి. పూర్వుల ఒర లోహిణి ఇచ్చిందేనని పెద్దలు చెప్పగా అదే రోజు గుర్రమెక్కాడు.

"అయితే ఎంచుకో," అంది లోహిణి. "ఇక్కడివన్నీ ఒరలే. చేతికి కడియమంత ఉంటాయి, ఇరుసుకు తొడిగితే దాని కొలతకు పెరుగుతాయి. నీ ఏతానికి తగినది తొడుక్కుంటే గడప దాటుతావు. తగనిది తొడుక్కుంటే బయట నీ తోటివాళ్ళున్నారు."

ఇసుకలోంచి అయిదు రాతిపీఠాలు లేచాయి. మొదటిదానిమీద వజ్రాయసపు కడియం, వజ్రమంత గట్టి ఉక్కు, ఇంద్రనీలపు ఛాయలో ధగధగ మెరుస్తోంది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళలో సగంమంది చేతికి ఉన్నది అదే. సింగన్న దాన్ని తాకనైనా తాకలేదు. గట్టితనానికి గట్టితనం తోడైతే ఏమవుతుందో ఏడేళ్ళపాటు ఉలితో చదువుకున్నవాడతను. రెండోది బంగారం. ఆ బరువు కింద ముద్దయి రెండు పక్కలా పిండిలా బయటికొస్తుందని వదిలేశాడు. మూడోది నూనె తాగిన నల్లచేవ కర్ర. నీళ్ళలో తిరిగే యంత్రమైతే దానికే దణ్ణం పెట్టేవాడు. ఎండలో, అంత బరువు కింద అది నెర్రెలిచ్చి పగులుతుంది.

నాలుగోదీ అయిదోదీ కంచువే, ఒంటినిండా నల్లచుక్కలతో. చుక్కలంటే రంగు కాదు, కంచుకు బెజ్జాలు వేసి వాటిలో ఒక నల్లరాతిని కూరారు. సింగన్న వేలితో రాశాడు. వేలు జారింది, నల్లబడింది. ఆ వేలిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఉయ్యాల కొక్కెం దగ్గర చెంగల్వ వేలికున్న నలుపు అది.

కంచయితే బరువు మోస్తుంది. ఇరుసుకన్నా మెత్తన గనుక అరగాల్సి వస్తే తానే అరిగి ఇరుసును కాపాడుతుంది. కందెన అక్కర్లేదు, నల్లరాయి కొద్దికొద్దిగా మసిలా పూసుకుంటూ ఉంటుంది. ఇంతవరకూ తెలిసింది. కాని రెంటిలో ఏది? నాలుగోదానిలో చుక్కలు వరసలు వరసలుగా, ముగ్గు పెట్టినంత అందంగా ఉన్నాయి. అయిదోది చూడ్డానికి అసహ్యం. ఒక వరస చుక్కలు ఇంకో వరస సందుల్లోకి జరిగి, మశూచి వచ్చిన ముఖంలా ఉంది. లోహశాస్త్రి ఎంచుకున్నది నాలుగోదేనని సింగన్న వస్తూ వస్తూ చూశాడు.

అతను యక్షిణి అనుమతి అడిగి, కడియాలను చేతికి తొడుక్కోకుండా, తన నడుముకున్న మణికట్టంత బొంగుకర్రకు తాంబూలపు సంచిలోని సున్నం పూసి నాలుగోదానిలో దూర్చాడు. పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు, వందసార్లు ఆడించి తీశాడు. కర్రమీద నల్లచారలు పడ్డాయి, చారల మధ్య సున్నం తెల్లగా అలాగే ఉంది. చక్రంలా పూర్తిగా తిరిగితే ఆ తెలుపూ నల్లబడేదేమో. పావు చుట్టులో మాత్రం మసి అందని చోటు ఎప్పటికీ మసి అందకుండానే ఉండిపోతుంది. మళ్ళీ సున్నం పూసి అయిదోదానిలో ఆడించాడు. కర్ర మొత్తం నల్లగా వచ్చింది. ఆ చిన్న ఊపులోనే ప్రతి చోటూ ఏదో ఒక చుక్కను తాకింది.

సింగన్న అయిదోదాన్ని ఎడమ చేతికి తొడుక్కున్నాడు.

లోహిణి మొదటిసారి చిరునవ్వు నవ్వింది. అయితే యక్షిణులు ఊరికే ఏదీ ఇవ్వరు. "ఈ ఏడేళ్ళలో నువ్వు అన్నిటికన్నా ఎక్కువగా వాడినదేదో అది నాకిచ్చి వెళ్ళు," అంది.

సింగన్న మొలలోంచి ఉలి తీసి చాపాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఉలికన్నా ఎక్కువగా వాడింది ఇంకోటుందని అంది. అప్పుడు అతనికి అర్థమైంది. ఉలి పట్టిన ప్రతి పూటా, పట్టని ప్రతి పూటా అతను మనసులో వింటూ గడిపింది చెంగల్వ గొంతు. తిట్టేటప్పటి గొంతు, అన్నానికి పిలిచే గొంతు, మావా అనే గొంతు.

"తీసుకో తల్లీ," అన్నాడు. "పైకెళితే మళ్ళీ వింటాను."

ఆమె వెండి గోరు అతని చెవిని తాకింది. అంతే. చెంగల్వ ముఖం అలాగే ఉంది, ఆమె అన్న మాటలు అన్నీ గుర్తున్నాయి, పెదవులు కదులుతున్నాయి. శబ్దం మాత్రం లేదు. సింగన్న గడప దాటి బయటికొచ్చి, రాతి రాజకుమారుడి పక్కన కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత లేచి గుర్రమెక్కాడు. ఏడవడానికి కూడా రోజులు లెక్కే మరి.

ధూమ్రకేశుడికి కబురు అప్పటికే అందింది. పేరుకు తగ్గట్టే వాడి జుట్టు పొగ. ఆ పొగ ఎక్కడికి పాకితే అక్కడి మాటలన్నీ వాడు వింటాడు, విన్న గొంతునల్లా పలికిస్తాడు. ఒంటెదారి కనుమ దగ్గర వాడి భటులు కాపు వేశారు. చేతికి కంచుకడియం ఉన్న కంచరిని చూస్తే తల నరకమని వాళ్ళకు ఆజ్ఞ. మధ్యాహ్నం ఎండలో ఆ కనుమకు వచ్చింది కంచరి కాదు, గుర్రాన్ని నడిపించుకుంటూ భుజం నిండా గాజులమలారం వేసుకున్న ఒక గాజులవాడు. కనుమలో కాపు ఉందని విని, మలారాన్ని అంతకుముందు ఊళ్ళో ఒక ముసలాయన దగ్గర, తన వెండి మొలతాడు ఇచ్చి తెచ్చుకున్నాడు సింగన్న.

భటులు మలారమంతా కెలికారు. వాళ్ళ నాయకుడికి ఇంట్లో కొత్త పెళ్ళాం ఉంది కాబోలు, ముచ్చటైన గాజులన్నీ ఏరి ఉత్తరీయంలో మూటకట్టుకున్నాడు. ఎర్రగాజుల నడుమ నల్లచుక్కల కడియం అతని చేతికి వచ్చింది. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇలాంటి రోతవస్తువు ఏ ఆడది తొడుక్కుంటుందని తిట్టి, సింగన్న ముఖాన విసిరికొట్టాడు. సింగన్న వంగి దణ్ణం పెట్టి కడియం ఏరుకుని, కనుమ మలుపు తిరిగేదాకా నెమ్మదిగా నడిచాడు. తిరగ్గానే గాజులు ఒకవైపు, మలారం ఒకవైపు ఎగిరిపడ్డాయి, గుర్రం బాణంలా పోయింది.

ఊబి ఇసుకల ఏరు దగ్గర ఆ గుర్రం పోయింది. మోకాళ్ళ దాకా కూరుకుపోతూ అది విదిల్చిన విదిలింపుకు సింగన్న ఎగిరి అవతలి రెల్లుదుబ్బులో పడ్డాడు. వెనక్కి తిరిగి చూస్తే ఇసుక మీద చెవులు రెండే కనిపించాయి. మిగిలిన దారి కాళ్ళతో పరిగెత్తాడు. ఎనిమిదో రోజు పొద్దు వాలేవేళకు రాతిగోపురం ఎక్కి కొండవైపు చూశాడు.

ఒక తళుకు. ఆ తర్వాత నిదానంగా, లెక్కలో లేనిది, ఇంకొకటి.

ఏతగాళ్ళ పెద్ద ఎర్రపోతు అక్కడే ఉన్నాడు. ఎద్దులాంటి మనిషి, ఏడేళ్ళుగా పని లేకపోయినా రోజూ వచ్చి మాను మీద ఒకసారి నడిచి పోయేవాడు. ఆస్థాన స్థపతులు కడియాన్ని చూసి పెదవి విరిచారు. బెజ్జాలు పడ్డ ఒర ఎక్కడైనా బరువు మోస్తుందా అని ఒకాయన, కందెన పొయ్యకుండా ఇరుసు ఆడించడం శాస్త్రవిరుద్ధమని ఇంకొకాయన. ఎర్రపోతు వాళ్ళను పక్కకు తప్పుకోమన్నాడు. తెల్లవారాక ఇద్దరూ కలిసి ఇరుసును శుభ్రంగా తుడిచి, ఇసుకరేణువన్నది లేకుండా చూసుకుని, కొసన కడియం తొడిగారు. అది గణగణమంటూ పెరిగి ఇరుసుకూ రాతికీ మధ్య సరిగ్గా ఇమిడి కూర్చుంది. ఊతాలు తీశారు. నలభైమంది ఏతగాళ్ళు మాను మీద తొట్టివైపు ఒక్కో అడుగే వేశారు.

మహా ఏతాం ఊగింది. కిర్రుమనలేదు, అరవలేదు. ఏడేళ్ళు ఆకాశంలో అతుక్కుపోయిన తొట్టి మెల్లగా దిగిరావడం చూసి కంకణపురం జనం అది దిగే చోటికి పరిగెత్తారు. ఎర్రపోతు ఇరుసు కొసన అరచెయ్యి ఆనించి ఉంచాడు. ఇరుసు వేడెక్కితే మొదట తెలిసేది ఆ చేతికే.

తొట్టిలో పన్నెండుమంది: పసిపిల్లలు, బాలింతలు, చివర ఒక ముసలామె. వాళ్ళలో చెంగల్వ లేదు. సింగన్న గోపురం దిగి వచ్చి ఒక్కో ముఖమే చూశాడు, మళ్ళీ మొదటినుంచీ చూశాడు. ముసలామె అతని చేతిలో కంచుపళ్ళెం పెట్టింది. పైన తొట్టిని గట్టుకు పట్టి ఉంచే కొక్కెంతాడు చెంగల్వ చేతుల్లోనే ఉందని, దాహంతో మిగతావాళ్ళకు ఆ శక్తి లేదని, ఆఖరి మనిషి దిగాకే తాను దిగుతానందని చెప్పింది. ఇంకా నలభై ఎనిమిది మంది ఉన్నారు.

పళ్ళెం అరిటాకంత పలచగా ఉంది. నిండుచంద్రుడిలా గుండ్రంగా, అరిసెంత మందంగా పోసిన పళ్ళెం అది. రోజూ వెలుగు పంపడానికి రోజూ తోమింది. ఏడేళ్ళు తోమి తోమి నడుమ అరిగి, వేలు పట్టేంత బెజ్జం పడింది. వెలుగు పలచబడింది తన కళ్ళవల్ల కాదని సింగన్నకు అప్పుడు తెలిసింది.

అదే సమయంలో పడమటి నుంచి గండభేరుండాలు రెండూ వచ్చాయి.

సింగన్న పక్కనున్న కావలివాడి విల్లందుకుని, పళ్ళెం వీపుకు కట్టుకుని తొట్టిలోకి దూకాడు. పైకి పోనిమ్మని గోపురం మీది ఎర్రపోతుకు కేక వేశాడు. తొట్టినుంచి ఇరుసు దగ్గరికి గంటతాడు ఒకటి ఉంది. ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే ఆపకుండా లేపమని. ఏతగాళ్ళు వెనక్కి నడిచారు, తొట్టి లేచింది. మూడు తాటిచెట్ల ఎత్తున మొదటి పక్షి రెండు ముక్కులూ తెరుచుకుని దూసుకొచ్చింది. వేసిన బాణాలు రెక్కలకు తగిలి రాలిపోయాయి. సింగన్న పళ్ళెం తీసి ఎండకు పట్టాడు. చెంగల్వ ఏడేళ్ళు తోమిన మెరుపు నాలుగు కళ్ళలోనూ ఒకేసారి కొట్టింది. కళ్ళు చెదిరిన పక్షి కొండరాతికి గుద్దుకుని కింది లోయలోకి జారిపోయింది.

రెండోదాని వీపుమీద ధూమ్రకేశుడే ఉన్నాడు. వాడు జుట్టు విప్పాడు. నల్లటి పొగ తొట్టిని చుట్టేసింది. ఎండ పోయింది, కొండ పోయింది, కింద ఎర్రపోతు కనబడకుండా పోయాడు. ఇక పళ్ళెంతో పనిలేదు. ఎక్కడో దగ్గర్లో రెక్కల చప్పుడు, తొట్టి తాళ్ళను గీరుతున్న గోళ్ళ చప్పుడు.

అప్పుడు పైనుంచి ఒక ఆడగొంతు వినిపించింది. చాలా తియ్యటి గొంతు.

"మావా, ఆపించు. ఇరుసు కాలిపోతోంది, వాసనొస్తోంది. ఇంక మూరెడు లేచినా విరిగిపోద్ది."

సింగన్న చెయ్యి గంటతాడు మీదికి పోయింది. ఇంతలో అదే పైనుంచి మరో గొంతు వచ్చింది. బొంగురుది, సగం గాలి, సగం దగ్గు.

"ఆపమాక మావా. ఆపితే అది తాళ్ళు కొరికేస్తది. రా."

రెండూ మావా అన్నాయి. ఒకటి చెంగల్వ, ఒకటి మాంత్రికుడు. లోకంలో ఏ మొగుడైనా కళ్ళు మూసుకుని చెప్పగలిగే తేడా సింగన్నకు మాత్రం తెలియదు. దాన్ని యక్షిణికి ఇచ్చి వచ్చాడు. ఒర నిజంగానే కాలుతుంటే, ఆపకపోతే ఇరుసు విరిగి నలభైమంది ఏతగాళ్ళూ మానుతోపాటు పడిపోతారు. కాలకపోతే, ఆపినందుకు తొట్టి గాలిలో నిలిచి పక్షికి మేతవుతుంది, పైనున్నవాళ్ళు రేపటికి నీళ్ళులేక పోతారు.

తియ్యటి గొంతు మళ్ళీ పిలిచింది. ఎక్కడా జీర లేదు, గరుకు లేదు, నున్నగా అద్దంలా ఉంది. ఏడేళ్ళ కిందట తాను మురిసిపోయి చేసిన ఉక్కు ఒర అంత నున్నగా ఉంది. సింగన్న చేతిలోని పళ్ళాన్ని తడుముకున్నాడు, వేలు బెజ్జంలో దూరింది. వేసవినుంచీ దాహంతో ఉండి, ఏడేళ్ళు గాలి హోరులో రోజూ తనను పిలిచిన గొంతు నున్నగా ఎందుకుంటుంది? పనిచేసినది అరుగుతుంది.

గంటతాడు రెండుసార్లు లాగాడు.

తొట్టి ఆగకుండా లేచింది. తియ్యటి గొంతు ఒక్క క్షణంలో మగగొంతై బండబూతులు తిట్టి పొగలో కలిసిపోయింది. గోళ్ళ చప్పుడు పెరిగింది, నాలుగు తాళ్ళలో ఒకటి ఫట్టున తెగి తొట్టి ఒక పక్కకు ఒరిగింది. సింగన్న అంచు పట్టుకుని వేలాడాడు. ఒక బారెడు దూరాన, పొగలోంచి కొండగట్టు నల్లగా కనిపించింది. గట్టుమీదనుంచి ఆ బొంగురు గొంతు, ఎప్పటినుంచో అడగాలని దాచుకున్నదానిలా, అడిగింది:

"నూనె పోశావా మావా, మసి పెట్టావా?"

"మసే," అన్నాడు సింగన్న.

పొగలో ఒక నవ్వు వినిపించింది. కొంచెం దగ్గుతో తెగుతూ, మళ్ళీ అందుకుంటూ, ఇల్లంతా వినబడేలా నవ్వే నవ్వు. అది అతనికి తెలుసు. యక్షిణి ఆమె గొంతును అడిగింది గాని, నవ్వును అడగడం మరిచిపోయింది.

సింగన్న గట్టువైపు చెయ్యి చాపాడు. పొగలోంచి ఇంకో చెయ్యి వచ్చి అతని వేళ్ళను అందుకోబోతుండగా, రెండో తాడు తెగింది.